ఊ కొట్టేంత దూరం

మా అమ్మమ్మ చెప్పే కథలకి టికెట్టు ఉండేది. ఆ టికెట్టు పేరు "ఊ". ఆవిడ ఒక ముక్క చెప్పి ఆగుతుంది, నేను ఊ అనాలి, అప్పుడు రెండో ముక్క వస్తుంది. ఎండాకాలం, ఆరుబయట నులక మంచం. ఏడుగురు రాజకొడుకులు వేటకి వెళ్ళారంటే ఊ. ఏడు చేపలు తెచ్చారంటే ఊ. ఎండబెట్టారంటే ఊ. ఒక చేప ఎండలేదు అనే దగ్గరికి వచ్చేసరికి నా ఊ సన్నబడిపోయేది. ఆవిడ కాసేపు చూసి, "ఊ కొట్టవేమే?" అనేది. జవాబు రాకపోతే కథని అక్కడే కట్టేసి, దుప్పటి నా మెడదాకా లాగి, తనూ అటు తిరిగి పడుకునేది. ఆ చేప ఎందుకు ఎండలేదో నాకు చాలా కాలం తెలియదు. ఒకనాడు గడ్డిమోపు దాకా, ఇంకోనాడు ఆవు దాకా, మహా అయితే గొల్లవాడి దాకా వచ్చి నిద్రపోయేదాన్ని. చివరనున్న చీమని కలుసుకోవడానికి నాకు ఎనిమిదో ఏడు వచ్చింది.

పెద్దయ్యాక తెలిసింది, లోకంలో ఊ కొట్టడానికి అంత మంచి పేరేమీ లేదని. "వాడికేం, అన్నిటికీ ఊ కొడతాడు" అన్నారంటే వాడికి సొంత బుర్ర లేదని. ఆఫీసు మీటింగులో ఊ కొడుతూ కాగితం అడుగున కూరగాయల చీటీ రాసుకున్న రోజులు నాకూ ఉన్నాయి. అమ్మమ్మ అడిగిన ఊ ఆ జాతిది కాదు. రాజకొడుకులు వేటకి వెళ్ళడం సబబేనా అని ఆవిడ నన్ను అడగలేదు. చీకట్లో తన గొంతు ఎవరికైనా తగులుతోందా లేదా అన్నదే ఆవిడకి కావాలి. నూతిలో రాయి వేసి చప్పుడు కోసం చెవి ఒగ్గినట్టు.

ఇదంతా ఎందుకంటే, యాభై దాటాక నాకొక వ్యసనం పట్టుకుంది. హైదరాబాదులో శని, ఆదివారాలు ఎక్కడ ఒగ్గు మోగుతుందో, ఎక్కడ తంబుర పట్టుకుని తత్వాలు పాడతారో, ఎక్కడ కిన్నెర పలుకుతుందో వెతుక్కుంటూ వెళ్ళడం. అదీ పెద్ద పెద్ద సభలకి కాదు. పుస్తకాల షాపు మేడ మీద, బడి వరండాలో, ఎవరిదో పాత ఇంటి పెరట్లో, ముప్ఫై నలభై మంది చేరితే గొప్ప అనుకునే చోట్లకి. "యూట్యూబులో అన్నీ ఉన్నాయి కదే, అంత దూరం పడిపోతావెందుకు?" అని మా చెల్లెలు అడుగుతుంది. ఉన్నాయి. చక్కగా, గీత గీసినట్టు వినబడతాయి కూడా. కానీ ఫోనుకి నేను ఊ అంటే దానికి వినబడదు. నేను నిద్రపోయినా అది పాడుతూనే ఉంటుంది. మా అమ్మమ్మ దగ్గర పెరిగినదాన్ని, అలా నన్ను లెక్కచెయ్యని పాటతో నాకు పొత్తు కుదరదు.

అందుకని సభాస్థలిని కొలవడానికి నాకో సొంత కొలబద్ద ఉంది. ఆఖరి వరసలో కూర్చున్న మనిషి మామూలు గొంతుతో ఊ అంటే పాడేవాళ్ళకి వినబడాలి. వినబడితే అది నా చోటు. 2010లో బంజారాహిల్స్‌లో ఒక ఇంటిని తలుపులు తీసి అందరికీ ఇచ్చేసినట్టు మొదలైన లామకాన్ ఆ కొలతకి సరిపోతుంది. ఆరుబయట వేదిక, దాన్ని ఆనుకుని హైదరాబాదు మార్కు బండరాయి, ఒక పక్క ఇరానీ చాయ్, సమోసాలు. పేరు చూస్తే లా-మకాన్, అంటే ఇల్లు కానిది. నాకు మాత్రం మా ఊరి అరుగులాగే ఉంటుంది.

ఇలాంటి చోట దగ్గరగా కూర్చుంటే పాట కన్నా ముందు పాట చుట్టూ ఉన్నది వినబడుతుంది. కథకుడు గజ్జెలు కట్టుకుంటూ పక్కవాడితో బస్సు వేళ గురించి వాదించడం. తాళాలవాడు నోట్లో తమలపాకు ఓ పక్కకి నెట్టి గొంతు సవరించుకోవడం. దరువు మారబోయే ముందు ఒకరినొకరు చూసుకునే అర రెప్పపాటు చూపు. బుర్రకథలో కథకుడి బొటనవేలికి ఉండే అందెల గలగల మైకులో వేరే చప్పుడైపోతుంది. మూడు గజాల దూరంలో వింటే ఆ లోపల దొర్లే గుళ్ళు కూడా లెక్కపెట్టొచ్చేమో అనిపిస్తుంది.

ఓ బడి వరండాలో నేను మొదటిసారి కిన్నెర చూశాను. చూశాను అనే అంటాను, ఎందుకంటే దాన్ని ముందు చూడాలి. పొడుగాటి వెదురు, దాని మీద మెట్లు, కింద ఎండబెట్టిన సొరకాయ బుర్రలు, ఒళ్ళంతా రంగు రంగుల గుడ్డపీలికలు. నేను చూసినదానికి కొసన ఒక చెక్కపిట్ట కూడా ఉంది. తీగ మీటినప్పుడల్లా ఆ పిట్ట తల ఆడిస్తోంది. నాకు నవ్వొచ్చింది. ఈ కళాకారుడు ఎంత అనుభవశాలి! ఎవరూ రాకపోయినా, వచ్చినవాళ్ళు ఊ అనకపోయినా, తలూపేవాణ్ణి తన వెంటే తెచ్చుకున్నాడు.

పన్నెండు మెట్ల కిన్నెర దర్శనం మొగిలయ్య వల్ల అందరికీ తెలిసింది. పాలమూరు పేదల దొంగదేవర పండుగ సాయన్న కథని ఆయన ఊరూరా పాడాడు. 2021లో ఒక పెద్ద సినిమా పాటకి ఆ గొంతే మొదలైంది, 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆ సినిమా పాట ఎన్ని కోట్ల చెవుల్లో పడిందో! 2024లో ఆయన కూలిపనికి వెళ్తున్న దృశ్యం మళ్ళీ అందరి ఫోన్లలోనూ తిరిగింది. కోట్లమంది విన్న పాటకీ, పాడినవాడి కంచానికీ మధ్య దారి అంత సూటిగా ఉండదని అప్పుడు తెలిసింది. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

పెద్ద సభల మీద నాకు పగేమీ లేదు గానీ, ఒక అనుభవం చెప్పాలి. కొన్నేళ్ళ కిందట ఒక ఏసీ ఆడిటోరియంలో జానపద కళల పండుగ. డప్పు బృందం వచ్చింది. డప్పు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, దాన్ని కొట్టే ముందు కాచాలి. తోలు చెమ్మకి సాగుతుంది. మంట సెగకి బిగుస్తుంది. బిగిస్తేనే ఒక చేతిలో సిర్రకీ, ఇంకో చేతిలో సిటికెన పుల్లకీ వేరు వేరు మాటలు పలుకుతాయి. బృందం పెద్ద వెళ్ళి, ఎక్కడన్నా గుప్పెడు గడ్డి మంట వేసుకోనివ్వమని అడిగాడు. నిర్వాహకుడు హడలిపోయాడు. హాల్లో అగ్గిపుల్ల గీస్తే ఫైర్ అలారం మోగుతుందన్నాడు. పాపం, అయిదుగురూ డప్పులు చంకన పెట్టుకుని పార్కింగులోకి వెళ్ళి, రెండు కార్ల మధ్య పాత పేపర్లు తగలేసి కాచుకుని వచ్చారు. టంగుమని మోగుతున్నాయి. ఇక మొదలవుతుందనగా వేదిక మీద జ్యోతి ప్రజ్వలన. అయిదు వత్తుల కుందె, నూనె, మంట, ఒకరి తర్వాత ఒకరు అతిథులు. ఆ మంటకి అలారం మోగలేదు. దాని తర్వాత గంటంబావు ఉపన్యాసాలు, మన సంస్కృతి మూలాల గురించి. తోలుకి ఉపన్యాసం అర్థం కాదు గానీ ఏసీ చలి అర్థమవుతుంది. వాళ్ళ వంతు వచ్చేసరికి డప్పులు తడిసిన గోనెసంచుల్లా బొద్బొద్‌మన్నాయి. సౌండువాడు వాల్యూము పెంచాడు. పెద్ద బొద్బొద్ వినబడింది. అందరం చప్పట్లు కొట్టాం.

చప్పట్లకీ ఊకీ తేడా నాకు ఆ రోజు తెలిసింది. చప్పట్లు అయిపోయిన దానికి కొడతాం, ఊ కాబోయే దానికి. చప్పట్లతో లెక్క చెల్లిపోతుంది, లేచి కారు తాళాలు వెతుక్కోవచ్చు. ఊ అన్నామంటే మాత్రం అవతలి మనిషి ఇంకో మాట చెప్తాడు, మనం కూర్చోవాలి.

మన జానపదులకి ఈ సంగతి ముందే తెలుసు. వాళ్ళు కథా రూపాలు కట్టుకున్నప్పుడే అందులో ఊ కొట్టేవాడికి జీతం బత్తెం పెట్టి ఓ ఉద్యోగం ఇచ్చారు. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలుంటారు. "తందాన తాన" అందుకోవడమే వాళ్ళ పని అనుకుంటాం గానీ అసలు పని వేరు. వినేవాడి మనసులో పుట్టిన ప్రశ్నని వాడికన్నా ముందే అడిగేయడం. ఒకడు హాస్యగాడు, మన తరఫున తెలివితక్కువ సందేహాలు అడుగుతాడు. ఇంకొకడు రాజకీయం చెప్తాడు, పాత కథని నిన్నటి పేపరుతో కలుపుతాడు. ఒగ్గు కథలోనూ పక్కవాడు ఉంటాడు, "ఔను", "అట్లనా", "అటెన్క" అంటూ కథ ముక్కుతాడు పట్టుకుని నడిపిస్తాడు.

షేక్ నాజర్ గురించి మా తాతయ్య చెప్పగా విన్నాను. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల ఇంట 1920లో పుట్టినవాడు. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి బుర్రకథని భుజాన వేసుకుంది, నాజర్ ఆ బుర్రకథకి గొంతయ్యాడు. పల్నాటి యుద్ధం, అల్లూరి సీతారామరాజు, బెంగాల్ కరువు. జనం వేలల్లో వచ్చేవారట. మరి నా కొలబద్ద ఏమైనట్టు? వేలమందిలో ఆఖరివాడి ఊ నాజర్‌కి వినబడుతుందా? నేను చాలాకాలం ఈ ముడి విప్పలేక తికమకపడ్డాను. తర్వాత అర్థమైంది, వంత ఉన్నది అందుకే. మైదానంలో ఉన్న అందరి ఊలనూ పోగేసి ఒక్క గొంతుతో అనే ప్రతినిధి వాడు. ఎంత పెద్ద జనాన్నైనా మూడు అడుగుల దూరానికి తెచ్చేస్తాడు.

జాతరలు కూడా అంతే. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ప్రతి ఆదివారం కొమురవెల్లి కొండకింద జనసముద్రం. దూరం నుంచి చూస్తే ఒక పెద్ద సభ. దగ్గరికి వెళ్తే, ఇక్కడొక కుటుంబం, వాళ్ళకో ఒగ్గు పూజారి, వాళ్ళ ముందు పసుపూ కుంకుమా తెల్లపిండీ ఆకుపచ్చపొడీ చల్లి వేసిన పట్నం, చుట్టూ పదిహేను మంది. పక్కన ఇంకో కుటుంబం, ఇంకో పట్నం. డోళ్ళు ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి గానీ ఎవరి మల్లన్న కథ వాళ్ళకి వినబడుతూనే ఉంటుంది. జాతర అంటే కొన్ని వందల చిన్న సభలు పక్కపక్కన కూర్చోవడం.

ఇంత తెలివిగా చెప్తున్నాను కదా, ఇక నా తెలివి తెల్లారిన రాత్రి సంగతి చెప్తాను.

ఆషాఢంలో ఒక ఆదివారం. ఒక పాత ఇంటి పెరట్లో ఒగ్గు కథ. పొద్దుటి నుంచీ ముసురు. నలభై కుర్చీలు వేశారు, వచ్చింది పదకొండు మంది. అందులో ఇద్దరు వానకి తలదాచుకోవడానికి వచ్చినవాళ్ళని నా అనుమానం. కథకుడికి అరవై దాటి ఉంటాయి. నుదుట బండారి, నడుముకి దట్టీ, కాళ్ళకి గజ్జెలు. పదకొండు మందిని చూసి ఏమీ చిన్నబోలేదు. డోలు అందుకుంది, ఒగ్గు గిలకరించింది, మల్లన్న కథ మొదలైంది. మేడలమ్మకీ కేతమ్మకీ మధ్య మల్లన్న పడే అవస్థ. ఒకే మనిషి మూడు గొంతులు మార్చి మాట్లాడుతుంటే మేం నవ్వుతున్నాం, ఫోన్లు ఎత్తి వీడియో తీస్తున్నాం. అంతలో ఆయన ఆపేశాడు. దరువూ ఆగింది. తడిసిన వేపచెట్టు నుంచి రేకు మీద చినుకులు పడే చప్పుడు మాత్రమే మిగిలింది.

"ఏందయ్యా, ఊ అంటలేరు? నేను గోడకు చెప్తున్ననా మీకు చెప్తున్ననా?"

మేం నవ్వాం. ఆయన నవ్వలేదు. "ఊ అనకుంటే కథ ముంగటికి నడువదు" అని, నిజంగానే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

ఇన్నాళ్ళూ ఊ గురించి ఇంత ఆలోచించినదాన్ని, ఆ క్షణాన నా నోరు పెగల్లేదు. సిగ్గు. చుట్టూ చదువుకున్నవాళ్ళు, ఎవరు ముందంటారా అని ఎదురుచూపు. అంతకన్నా లోపల ఇంకో భయం: ఎక్కడ ఊ అనాలో నాకు తెలియదు. నాది పల్నాడు. కార్తీకంలో కారంపూడి వీరుల తిరునాళ్ళు అయిదు రోజులూ నేను వరసగా చెప్పగలను: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వీరవిద్యావంతులు బాలచంద్రుడి కథ ఎత్తుకుంటే, మా ఊరి ముసలివాళ్ళు తర్వాతి మాట రాకముందే ఊ అనడం చిన్నప్పుడు చూశాను. కథ వాళ్ళకి ఒంట్లో ఉంది. కళ్ళు మూసుకుని, సరిగ్గా కత్తి లేవబోయే ముందు, పొట్టలోంచి ఒక ఊ. అటువంటి ఊ మల్లన్న కథకి నా దగ్గర లేదు. నేను ఈ కథకి చుట్టాన్నే గానీ ఇంటి మనిషిని కాదు.

అప్పుడు వెనక నుంచి, గేటు దగ్గర నుంచి వచ్చింది. "ఊఁ... చెప్పూ!"

వాచ్‌మన్. గొడుగు కింద స్టూలు మీద కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఉన్నాడు. కథకుడి మొహం అటు తిరిగింది. అటు తిరిగిన మొహం ఇక ఇటు తిరగలేదు. ఆ తర్వాత గంటసేపూ ఆయన మా పదకొండుమంది తలల మీదుగా గేటుకే కథ చెప్పాడు. వాచ్‌మన్ ఊ కొట్టినప్పుడల్లా కథలో కొత్త గది తలుపు తెరుచుకుంటోంది. అంతవరకూ పాడనివేవో పాడుతున్నాడు. రెండు చోట్ల వాచ్‌మన్ "అది కాదే, ముందు ఆమె అడిగె గద?" అని అడ్డం వచ్చాడు కూడా. "అగో, యాదికొచ్చె, ఆగు" అని కథకుడు వెనక్కి వెళ్ళి ఆ ముక్క పాడి మళ్ళీ వచ్చాడు. మేం మధ్యలో, వీధికీ ఇంటికీ మధ్య కిటికీ ఊచల్లా కూర్చుని ఉన్నాం.

అయ్యాక నేను వెళ్ళి వాచ్‌మన్‌ని పలకరించాను. జనగామ పక్క ఊరట. గొర్లు అమ్మేసి పట్నం వచ్చి పద్నాలుగేళ్ళయిందట.

"నువ్వు ఊ కొట్టకపోతే ఇవాళ కథ ఆగిపోయేదయ్యా" అన్నాను.

"యాడ ఆగుతదమ్మా? ఆయన ఉత్తగనే ఆగిండు. ఊ అనేటోళ్ళు ఉన్నరా లేరా అని చూసిండు. మా నాయిన ఉన్నప్పుడు మా ఇంట్ల మూడు రోజులు చెప్పేటోళ్ళు. రాత్రి తెల్లార్లు. ఊ అననీకి నలుగురం వంతులేసుకునేది. ఒకడు పండుకుంటే ఒకడు."

ఊ కొట్టడానికి షిఫ్టులు! గేటు కాపలాకి షిఫ్టులున్నట్టే.

ఇంటికి వెళ్తూ ఆటోలో నా కొలబద్ద గురించి మళ్ళీ ఆలోచించాను. ఊ వినబడేంత దూరం అని మురిసిపోతున్నానే, ఆ దూరంలో కూర్చునే హక్కు ఊళ్ళో ఎవరికి ఉండేది? డక్కలివాళ్ళు జాంబపురాణం మాదిగ ఇళ్ళలోనే చెప్పారు. కూనపులివాళ్ళు పటం విప్పి మార్కండేయ పురాణం పద్మశాలీలకే చెప్పారు. ఒగ్గువాళ్ళకి గొల్ల, కురుమ వాకిళ్ళు. ఎవరి కథకులు వాళ్ళకి, ఎవరి తరతరాల మిరాసీ హక్కు వాళ్ళది. ఎవరి కులం పుట్టుక కథ వాళ్ళకి, అందులో వాళ్ళే వీరులు. ఊళ్ళో అన్నిటి దగ్గరా తలొంచుకు తిరిగేవాడు ఆ ఒక్క రాత్రి దివిటీ వెలుగులో తన వంశం దేవతల నుంచి దిగిందని విని ఊ కొట్టేవాడు. ఆ ఊ నాకు దొరికేది కాదు. దాని మీద నాకు హక్కూ లేదు.

ఇంకో సంగతి ఇంకా చేదు. మా అమ్మమ్మ తన ఎనభై ఆరేళ్ళ జీవితంలో డప్పుని ఎప్పుడూ దూరం నుంచే విన్నది. పెళ్ళికో, చావుకో, వీధి చివర మోగేది. మా గడప దాకా రాలేదు. రాలేదని తేలిగ్గా అనేస్తున్నాను గానీ, మావాళ్ళు రానివ్వలేదు. ఊ కొట్టేంత దూరంలో డప్పు మా ఇంటికి ఏనాడూ లేదు. నేను మొదటిసారి దాని పక్కన, ఆ సెగ నా చెంపకి తగిలేంత దగ్గరగా కూర్చున్నది నగరంలో, ఎవరి పేరూ ఊరూ అడగని ఇలాంటి ఓ చిన్న పెరట్లోనే. అందుకే, ఈ చిన్న వేదికలు పాత అరుగుకి నకళ్ళు అంటే నేను ఒప్పుకోను. అరుగు మీద లేనిది వీటిల్లో ఒకటుంది. ఎవరు వచ్చినా కుర్చీ ఒకటే రకం ప్లాస్టిక్కు.

పోగొట్టుకున్నదీ ఉంది. మిరాసీ లెక్కలో కథకుడికి గింజలు దక్కేవి. ఊరు ఇవ్వాల్సిందే, ఎగ్గొడితే వాళ్ళు ఊరి పరువు తీసి వెళ్ళేవారు. ఇప్పుడు మేం ఇచ్చేది మా ఇష్టం. నలభై మంది తలా రెండు వందలు వేస్తే ఎనిమిది వేలు. బృందంలో అయిదుగురు. వాళ్ళ ఊరి నుంచి బండి కిరాయి, రాత్రి తిండి తీసేస్తే మనిషికి ఒక రోజు మేస్త్రీ కూలి మిగిలితే గొప్ప. ఆ ముసురు రాత్రి పదకొండు మందిమి. డోలు అంచున క్యూఆర్ కోడు కాగితం అంటించి ఉంది. నేను ఫోను పెట్టి డబ్బు పంపితే కథకుడి జేబులోంచి ఒక యంత్రం గొంతు ఎంత వచ్చిందో అరిచి చెప్పింది. ఆ రాత్రి అందరికన్నా గట్టిగా ఊ కొట్టింది అదే. నాకు నవ్వు రాలేదు. మెచ్చుకోలుతో అన్నం ఉడకదు. మొగిలయ్య సంగతి గుర్తొచ్చింది. తలూపే చెక్కపిట్టలాంటి శ్రోతనా నేను అని కూడా అనిపించింది. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను: సినిమాకి నలుగురం వెళ్తే పాప్‌కార్నుతో సహా ఎంతవుతుందో, అంత ఇక్కడ ఒక్కదాన్నే వెయ్యాలి. పెద్ద త్యాగమేమీ కాదు, పాప్‌కార్ను ధర తెలిసినవాళ్ళకి.

ఆ రాత్రి తర్వాత రెండు నెలలు నేను ఏ కథకీ వెళ్ళలేదు. కథ తెలియనిదాన్ని, కూలి నిండా ఇవ్వలేనిదాన్ని, ముందు వరసలో కూర్చుని ఏం చేస్తున్నట్టు? ఇంటి మనిషి గేటు దగ్గర స్టూలు మీద ఉంటే చుట్టం కుర్చీలో కూర్చోవడం ఏం మర్యాద?

దీనికి జవాబు అమ్మమ్మే చెప్పింది, పోయిన పదేళ్ళకి. ఆవిడకి చివరి మూడేళ్ళూ చెవులు పూర్తిగా పోయాయి. నేను సెలవులకి వెళ్ళి మంచం పట్టె మీద కూర్చునేదాన్ని. ఆఫీసు గొడవలు, పిల్లల చదువులు, హైదరాబాదు నీళ్ళ కష్టాలు, నోటికొచ్చినవన్నీ చెప్పేదాన్ని. వినబడదని నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు. అయినా ఆవిడ నా పెదాల కేసి చూస్తూ, కాసేపటికోసారి ఊ అనేది. అనకూడని చోట్ల అనేది. నేను ప్రశ్న అడిగితే ఊ. ఊపిరి తీసుకుంటే ఊ. ఒకసారి నేను ఏమీ మాట్లాడకుండా ముక్కు చీదుకుంటే కూడా ఊ అంది. ఇద్దరం పడీ పడీ నవ్వాం, ఆవిడ ఎందుకు నవ్వుతోందో ఆవిడకి తెలియకుండానే. ఆ మూడేళ్ళలో నేను ఆవిడకి చెప్పినన్ని మాటలు చెవులు బాగున్న ఎవరికీ చెప్పలేదు.

ఇది గుర్తొచ్చిన వారం మళ్ళీ వెళ్ళాను. అదే పెరడు, ఈసారి వాన లేదు, ముప్ఫై మంది దాకా ఉన్నారు. అదే కథకుడు. నేను వెళ్తూనే గేటు దగ్గర స్టూలు మీద వాచ్‌మన్‌ని, "లోపలికొచ్చి ముందు కూర్చోరాదా అయ్యా" అన్నాను. "డ్యూటీ ఎవరు జేస్తరమ్మా?" అన్నాడు. నిజమే. నేనే నా కుర్చీ ఎత్తుకెళ్ళి గేటు పక్కన వేసుకున్నాను. ఆయన వింతగా చూసి, గొడుగు కాస్త ఇటు జరిపాడు. ఎండా లేదు, వానా లేదు, మర్యాద.

డోలు మొదలైంది. ఈసారి బీరప్ప కథ. ఇదీ నాకు తెలియదు. కథకుడు గణపతి ప్రార్థన అయ్యాక, గజ్జెల కాలు ఒకసారి విదిలించి, గొంతు ఎత్తి, "అగో, ఒక్కనాటి కాలాన..." అని ఆగాడు. గాలి పీల్చుకోవడానికి ఆగాడని తర్వాత తెలిసింది. నేను అప్పటికే కళ్ళు మూసుకుని, పొట్టలోంచి, పల్నాడు అదిరేటట్టు అనేశాను: "ఊ!"

పెరడు పెరడంతా వెనక్కి తిరిగింది. వాచ్‌మన్ భుజం వణుకుతోంది, నవ్వు ఆపుకోలేక. కథకుడు ఒగ్గు దించి, తన వంత కేసి తిరిగి, తాపీగా అన్నాడు:

"చూస్తివా తమ్ముడూ, నేనింకా ఏం చెప్పనే లేదు, అమ్మ అప్పుడే ఊ అంటున్నది. ఈమెకు తెల్లారేదాక చెప్పాలె. పోయి బస్సోనికి మనం రామని చెప్పిరాపో."

డోలు దరువు అందుకుంది.